కలకత్తాలో చీనావారి పూటకూళ్ళు

రాజుల చరిత్రను శాసనములలో వెదకుట ఆచారము. సామాన్య జనుల చరిత్రకు అట్టి ఆధారములు తక్కువ. వారి రాకపోకలు, సుఖదుఃఖములు పెక్కుమారులు వారు తినిన తిండిలోను, ఆ తిండికి పెట్టిన పేర్లలోను నిలిచియుండును. నేడు విజయవాడలో గాని, వరంగల్లులో గాని, కర్నూలులో గాని సాయంకాలమైనచో వీధి మలుపున నిలుచు తినుబండారముల బండి మీద తరచుగ కనబడు మాట ‘హక్కా నూడుల్స్’. దానిని తినువారు వేలకొలది గలరు. అందలి మొదటి మాటకు అర్థమేమని అడుగువారు అరుదు. చీనా భాషలో హక్కా యనగా అతిథి కుటుంబము. ఉత్తర చీనానుండి అనేక శతాబ్దముల పాటు దక్షిణమునకు తరలివచ్చి, క్వాంగ్‌టుంగ్ మొదలగు మండలముల కొండనేలలలో కాపురములు పెట్టిన జనులకు ఆ పేరు కలిగినది. స్వదేశమునందే అతిథులనిపించుకొనిన ఆ జనులలో కొందరు సముద్రము దాటివచ్చి, రెండవమారు అతిథులైన నగరము కలకత్తా. తెలుగు వీధులలోని ఆ బండి మాటకు పుట్టినిల్లు ఆ నగరమే.

తిథి నియమము లేక వచ్చువాడు అతిథియని మన పెద్దలు చెప్పుదురు. వానికి అన్నము పెట్టుట గృహస్థధర్మము. కలకత్తా చీనావారి విషయమున ఈ ధర్మము తలక్రిందులైనది. అచట వండి పెట్టినవాడు అతిథి, కూర్చుండి తినినవాడు గృహస్థు. ఇట్లు రెండు శతాబ్దములకు పైగా జరిగిన ఈ వ్యవహారములో గృహస్థు తన అతిథిని ఎంతవరకు తనవానిగా నెంచెనో విచారింపదగియున్నది.

ఈ కథ 18వ శతాబ్దము చివర ఆరంభమగుచున్నది. వారన్ హేస్టింగ్సు గవర్నరు జనరలుగా నున్న కాలమున, టాంగ్ అచ్యూ అను చీనా వర్తకుడు కలకత్తాకు దిగువను, బడ్జ్‌బడ్జ్ సమీపమున, హుగ్లీ నది యొడ్డున కంపెనీవారి వలన భూమి సంపాదించెను. 1778 నాటిదిగా చెప్పబడు ఆ పట్టా ప్రకారము భూమి 650 బిఘాలు, ఏటి శిస్తు 45 రూపాయలు. అచ్యూ అచట చెరకు నాటించి, చక్కెర మిల్లు నెలకొల్పి, స్వదేశమునుండి కూలీలను రప్పించెను. ఒప్పంద పత్రములకు లోబడిన ఈ కూలీలను, ఓడలు విడిచి కలకత్తాలో తిరుగుచున్న కొందరు చీనావారు మరలించుకొని పోవుచున్నారని అతడు మొరపెట్టుకొనెను. 1781 నవంబరులో ప్రభుత్వము అట్టివారిని శిక్షింతుమని ప్రకటించెను. ఈ ప్రకటన వలన ఒక సంగతి తేటపడుచున్నది. అప్పటికే నగరములో చీనావారు నివసించుచుండిరి. తోటలోని చాకిరికంటె నగరములోని స్వేచ్ఛ కూలీలకు ప్రియముగా నుండెను.

అచ్యూ 1783 నాటికి మరణించెను. ఆయన ఆస్తి కొంతకాలమునకు అమ్మకమునకు వచ్చెను. చెరకు తోటయు మిల్లును మాసిపోయినను ఆ యూరు మాత్రము ఆయన పేరనే అచీపూరు అని నేటికిని పిలువబడుచున్నది. నదీతీరమున గుర్రపు నాడా ఆకారములో, ఎర్రని రంగుతో ఆయన సమాధి కలదు. ఊరిలోని చీనా ఆలయమున భూమిని కాపాడు దేవతా దంపతులు పూజలందుచున్నారు. వారికి చుట్టుపట్ల ప్రజలు పెట్టుకొనిన పేరు ‘ఖుదా–ఖుదీ’. ప్రతి సంవత్సరము చీనా క్రొత్తయేటి పండుగ దినములలో కలకత్తా చీనావారు కుటుంబములతో అచటికి పోయి, అగరువత్తులు వెలిగించి, వండిన పదార్థములు నివేదించి వత్తురు. మన గ్రామములలో పండుగనాడు పెద్దలకు పెట్టుకొను ఆచారమునకు ఇది దూరమైనది కాదు.

తోటను విడిచినవారును, ఓడలపై వచ్చినవారును చేరిన చోటు టిరెట్టా బజారు. ఎడ్వర్డో టిరెట్టా అను వెనిస్ నగరవాసి 18వ శతాబ్దమున నెలకొల్పిన అంగడి అది; లాల్‌బజారునకు సమీపమున నున్నది. 1837లో పోలీసువారు తీసిన లెక్కలో నగరమందలి చీనావారు 362 మంది. తరువాతి కాలమున ఈ సంఖ్య క్రమముగా పెరిగెను. వచ్చినవారు తమ మండలములను బట్టి వృత్తులను పంచుకొనిరి. కాంటను ప్రాంతమువారు వడ్రంగులై ఓడరేవులలోను కొయ్యసామాను దుకాణములలోను పనిచేసిరి. హూపే మండలమువారు దంతవైద్యులైరి. హక్కాలు తోళ్ళ పనిలోను, చెప్పుల వ్యాపారములోను ప్రవేశించిరి. బెంటింక్ వీధిలోని చీనావారి చెప్పుల అంగళ్ళు నగరమున ప్రసిద్ధికెక్కెను. 1910 ప్రాంతమున నగరమునకు తూర్పున, టాంగ్రా అను పల్లపు నేలలో వారు తోళ్ళు ఊనుటకు పనిశాలలు నెలకొల్పుకొనిరి. తోలును ముట్టుట అంటని యెంచిన సమాజములో ఆ పనికి పోటీకి వచ్చినవారు తక్కువ. ఇతరులు వలదనుకొనిన నేలపై, ఇతరులు వలదనుకొనిన వృత్తితో, అతిథి తన బ్రదుకు దిద్దుకొనెను.

మొదటి తరములలో వచ్చినవారు అధికముగా పురుషులు. ఇల్లాలు లేని చోట పూటకూళ్ళు వెలయుట సహజము. టిరెట్టా బజారు చుట్టునున్న ఇరుకు సందులలో పనివారికిని, ఓడ దిగిన నావికులకును వేడి వేడి భోజనము పెట్టు చిన్న దుకాణములు వెలసెను. అందు ముఖ్యమైన పదార్థము పిండితీగలు. ఇంగ్లీషు పేరున మనము నూడుల్సు అనుచున్న ఈ పదార్థమునకు చీనా భాషలో ‘మియెన్’ అని పేరు. దక్షిణపు పలుకుబడిలో అది ‘మీన్’ అగును. దీని ప్రాచీనత గొప్పది. చీనా వాయవ్య భాగమున లాజియా అనుచోట త్రవ్వకములలో బోర్లపడియున్న మట్టిగిన్నె క్రింద సుమారు 4000 సంవత్సరముల నాటి పిండితీగలు దొరకినవని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అవి మన మెట్టపొలములకు పరిచితములైన కొర్ర, వరిగ జాతుల ధాన్యములతో చేసినవని వారి నిర్ణయము. గోధుమ ప్రాధాన్యము వహించినది తరువాతి కాలముననే.

పిండితీగలను చేతితో చేయుట చూచుటకు తేలిక, చేయుటకు కష్టము. గోధుమపిండిలో నీరుపోసి పిసికినకొలది జిగురు పుట్టి, ముద్దకు సాగుడుగుణము వచ్చును. దక్షిణ చీనావారు ఆ నీటిలో కొంత క్షారము కలుపుదురు. అందుచేత తీగలకు పసుపు వన్నెయు, పంటి క్రింద బిగువును కలుగును. కొందరు గ్రుడ్డు చేర్చుదురు. ముద్దను తడిగుడ్డ కప్పి కొంతసేపు ఊరనిచ్చి, కఱ్ఱతో పలుచగా వత్తి, పొడిపిండి చల్లి, మడతలుపెట్టి, కత్తితో సన్నగా కోయుదురు. నీరు ఒక చెంచా ఎక్కువైనను అతుకుకొనును; తక్కువైనను విరిగిపోవును. ఎండకాలమునకు ఒక పాలు, వానకాలమునకు మరియొక పాలు. మన ఇండ్లలో సేమ్యాలు, వడియములు పెట్టిన ముసలమ్మలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు; గాలిలోని తేమను చేతివ్రేళ్ళే తెలిసికొనును.

ఈ విద్య చీనానుండి ఇతర దేశములకు ప్రాకినప్పుడు ఆయా దేశములు దానికి తమ రూపము నిచ్చినవి. జపానువారి సోబా ఇందుకు గొప్ప ఉదాహరణము. ఉత్తర హిందూదేశమున ఉపవాస దినములలో వాడు కుట్టు పిండి యేదో, సోబాకు మూలము అదియే. అందు గోధుమకు గల జిగురు లేదు. కావున దానిని తీగలుగా నిలుపుట చేతినైపుణ్యమునకు పరీక్ష. సాధారణముగా ఎనిమిది పాళ్ళ కుట్టు పిండికి రెండు పాళ్ళ గోధుమపిండి చేర్చుదురు. పిండి అప్పుడే విసరినది కావలెను, ముద్ద అప్పుడే కలిపినది కావలెను, తీగలు అప్పుడే ఉడికించినవి కావలెనని వారి నియమము. మంచి సోబా దుకాణములో తినువారు ఆ మూడింటిని రుచిని బట్టి పోల్చగలరు. సంవత్సరము కడపటి రాత్రి జపానువారు సోబా తిందురు. చీనావారు పుట్టినరోజున పొడవైన తీగలు వడ్డింతురు. తీగ పొడవు ఆయువు పొడవునకు గురుతు.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. యొకొహామా మొదలగు రేవుపట్టణములలో స్థిరపడిన చీనావారు తమ గోధుమ తీగలను అమ్మగా, జపానువారు వానిని మొదట ‘షినా సోబా’ అనిరి. అనగా చీనా సోబా. నేడు లోకమంతట రామెన్ అని పేరుపొందిన వంటకమునకు అది పూర్వనామము. అనగా ఆతిథేయుడు వచ్చినవాని వంటకు తన మాటనే తొడిగి ఇంటిలోనికి తెచ్చుకొనెను. కలకత్తాలో జరిగినది వేరు. వంగీయులు చీనా మాటనే ఉంచుకొనిరి, కాని సగము మాత్రమే. ‘చౌ మీన్’ అనగా వేయించిన పిండితీగలు. నగరవాసులు ‘మీన్’ విడిచి ‘చౌ’ అనిరి. చౌ అనగా వేపుడు. నేటికిని కలకత్తా వీధులలో బాలురు అడుగునది ‘చౌ’. తీగల పేరు పోయి వేపుడు పేరు మిగిలినది.

1920 తరువాతి దశాబ్దమున ఈ పూటకూళ్ళలో కొన్ని పెద్ద భోజనశాలలుగా మారెను. టూంగ్ ఆన్ ఆలయపు క్రింది అంతస్తులో నాంకింగ్ అను భోజనశాల వెలసెను. పైన దేవుడు, క్రింద విందు. నగరములోని ధనికులు, దొరలు, తరువాతి కాలమున చలనచిత్ర నటులు అచటికి పోవుట గౌరవముగా నెంచిరి. నాంకింగ్ తరువాత మూతపడినది గాని, అదే దశాబ్దమున పుట్టిన ఔ చ్యూ అను భోజనశాల ఒకే కుటుంబముచేత తరతరములుగా నడుపబడుచు గణేశచంద్ర అవెన్యూలో ప్రసిద్ధి చెందినది. నడుమ గొట్టములో బొగ్గునిప్పులుంచి చుట్టును మాంసము, చేపలు, కూరలు ఉడుకుచుండ బల్లమీదికి తెచ్చు ‘చిమ్నీ సూపు’ దాని ప్రత్యేకత. ఇట్టి చోట్ల వడ్డనలో ఆడంబరము లేదు. ఇనుప బాణలిలో భగభగమండు సెగపై క్షణకాలము ఎగురవేసిన తీగలు పొగ వాసనతో పళ్ళెములోనికి వచ్చును. ప్రక్కన చిన్నగిన్నెలో వెనిగారులో నానిన పచ్చిమిరప ముక్కలుండును. ఆ మిరప ముక్కలే ఈ వంట ఎంతవరకు ఈ దేశపుదైనదో చెప్పును. 1958లో ప్రారంభమైన పౌ చోంగ్ వారి పచ్చిమిరప సాసు ఈ కలయికకు సీసాలోని రూపము.

ఆ కాలముననే చీనా, హిందూదేశముల మైత్రి మరియొక త్రోవలో నడచుచుండెను. 1924లో రవీంద్రనాథ ఠాకూరు చీనాకు ప్రయాణము చేసెను. 1937లో శాంతినికేతనమున చీనా భవనము ప్రారంభమాయెను. తాన్ యున్‌షాన్ అను పండితుడు దానికి ప్రాణము. రెండు ప్రాచీన నాగరికతల పునస్సమాగమమని విద్వాంసులు దానిని కొనియాడిరి. అది నిజమే. అయినను ఆ సమాగమము శాంతినికేతనమునకు నూరుమైళ్ళ దూరమున, టిరెట్టా బజారు బల్లలపై ఉపన్యాసములు లేకయే అనుదినము జరుగుచుండెను. పండితుని పేరు చరిత్రలో నిలిచినది. వంటవాని పేరు అడిగినవారు లేరు.

1962 అక్టోబరులో సరిహద్దు యుద్ధము వచ్చెను. భోజనము జనులను కలుపునని సులభముగా చెప్పుదురు. ఆ మాటకు గట్టి పరీక్ష అప్పుడు జరిగెను. అస్సాము, షిల్లాంగు, డార్జిలింగు మొదలగు చోట్లనుండి చీనా సంతతివారిని సుమారు మూడువేల మందిని పట్టి, రాజస్థానములోని దేవలీ నిర్బంధ శిబిరమునకు రైళ్ళలో పంపిరి. వారిలో వృద్ధులు, స్త్రీలు, పసిపిల్లలు ఉండిరి. ఈ దేశమునందే పుట్టి, వేరొక దేశమును కన్నులజూడనివారును ఉండిరి. నేరవిచారణ యనునది జరుగలేదు. పూర్వికులు చీనావారగుటయే చాలెను. కొందరు కొలది నెలలకు విడుదలైరి. కొందరు సంవత్సరముల పాటు అచటనే యుండిరి. తిరిగివచ్చినవారిలో పలువురకు ఇండ్లు, దుకాణములు మిగులలేదు. కలకత్తాలో మిగిలినవారును పోలీసుల అనుమతి లేక ఊరు దాటరాదను కట్టడికి లోబడి బ్రదికిరి. వారి చేతివంట తిని మెచ్చినవారు వారి పక్షమున పలికిన పలుకులు ఎక్కువగా వినరాలేదు. నాలుక ఆహ్వానించిన వానిని చట్టము అనుమానించినప్పుడు నాలుక మౌనము వహించెను.

ఆ తరువాత వలస మొదలాయెను. ఒకప్పుడు పదివేలకు మించియుండిన కలకత్తా చీనావారి సంఖ్య నేడు కొలది వేలకు తగ్గినది. యువకులు కెనడా, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు తరలిరి. టొరాంటో నగరమున వారు తెరచిన భోజనశాలల పైన ‘హక్కా’ యని వ్రాసియుండును. అచట ఆ మాటకు అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలతో ఘాటుగా వండిన కలకత్తా వంటయని అర్థము. కలకత్తాలో చీనావారనిపించుకొనినవారు అచట తమ వంట చేత హిందూదేశమువారైరి. మూడవమారు అతిథులైన వారు వెంట తీసికొనిపోయినది తమను పూర్తిగా తనవారనని దేశపు రుచి. దేవలీలో బాల్యము గడిపినవారిలో కొందరు ఆ దేశమునుండియే, జరిగినదానికి ఒక క్షమాపణ మాట కోరుచు వచ్చిరి.

మనుష్యులు తగ్గుచుండ వంట పెరిగెను. ఇది ఈ చరిత్రలోని విపర్యయము. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అను వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో మంచూరియా కోడికూరను కల్పించెనని ప్రసిద్ధి. మంచూరియా దేశమున ఎవరును ఎరుగని ఆ వంటకము నేడు గోబీ రూపము దాల్చి తెలుగు పెండ్లి విందులలో కూడ చేరినది. 1958లో జపానున మోమొఫుకు ఆండో కనిపెట్టిన క్షణపాకపు నూడుల్సు, 1983లో మాగీ పేరున ఈ దేశమునకు వచ్చి, పిల్లల చిరుతిండియైనవి. చేతితో వత్తి కత్తితో కోయు పని యంత్రమునకు పోయెను. పొట్లము మీద హక్కా అను పేరు మాత్రము నిలిచెను. పేరు ఇంటింటికి చేరినది; పేరుగలవారు ఇల్లు వెదకికొనుచు దేశాంతరములు పోయిరి.

టాంగ్రాకు మరియొక మార్పు వచ్చెను. తోళ్ళ పనిశాలల మురుగు నీటివలన గంగ చెడుచున్నదను కారణమున, వానిని బన్తలాకు తరలింపవలెనని 1996లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పనిశాలలు మూతపడుచుండగా, వాని ప్రక్కన అంతకుముందే మొలచిన భోజనశాలలు విస్తరించెను. తోలు ఊనిన చోట బల్లలు వేసిరి. అంటని యెంచి నగరము దూరముగా నుంచిన పల్లపు నేలకు సాయంకాలము నగరమే కార్లు కట్టుకొని భోజనమునకు పోసాగెను. అదే టాంగ్రాలో కాళికాలయమొకటి కలదు. చీనావారు తామే దానిని పోషించి, హారతిచ్చి, అమ్మవారికి పిండితీగలు నివేదించి భక్తులకు ప్రసాదముగా పంచుదురు. ఆగంతకుని చేతి అన్నము అమ్మవారికి అంటు కాలేదు.

నేటికిని ఆదివారము తెల్లవారుజామున టిరెట్టా బజారున, పోద్దార్ కోర్టు సమీపమున, బుట్టలలో ఆవిరిమీద ఉడికించిన బన్నులు, చేపముద్దల సూపు అమ్ముదురు. సూర్యుడు పైకి వచ్చునప్పటికి అమ్మకము ముగియును. అమ్ము చేతులలో చీనా చేతులు ఏటేట తగ్గుచు, ఇతరుల చేతులు పెరుగుచున్నవి. విద్య మిగిలినచో చేతులు మారినను నష్టములేదని కొందరు సమాధానపడవచ్చును. కాని వంటకమును స్వీకరించుట సులభము. అది జీర్ణమైన వెంటనే ఋణము తీరినట్లు తోచును. వండినవానిని పొరుగువానిగా స్వీకరించుట కష్టము, ఏలయన అది పూటతో ముగియదు. యుద్ధము వచ్చిన దినమున అతని పేరు, ముఖము, పూర్వికుల ఊరు అన్నియు లెక్కకు వచ్చును. గృహస్థధర్మము నిజముగా పరీక్షకు వచ్చునది ఆ దినముననే. హక్కా యను మాటకు అర్థము తెలిసిన పిమ్మట, వీధి మలుపున బండి పైని ఆ రెండక్షరములు అంగడి పేరుగా మాత్రము చదువుట సాధ్యము కాదు. రెండు శతాబ్దములకు పైగా ఈ నేలపై అన్నము పెట్టిన అతిథికి ఇవ్వవలసిన ఆసనము ఇంకను మిగిలియున్నదని అవి తెలుపుచున్నవి.